చిట్టికి నాన్న ఉత్తరం

చిట్టీ,

ఇక్కడ విశేషాలేం లేవు. కరివేపాకు చెట్టు మళ్ళీ చిగురేసింది. మీ అమ్మ మోకాలికి మాత్ర మార్చారు. ఆదివారం లైబ్రరీలో చదువు బాగా సాగిందా?

మొన్న తోచక నీ పాత అట్లాసు తీశాను. జర్మనీలోని మీ హాన్ విమానాశ్రయం నుంచి స్పెయిన్‌లోని జిరోనాకు స్కేలు పెట్టి చూస్తే ఇంచుమించు 960 కిలోమీటర్లు వచ్చింది. గంటకు 800 చొప్పున గంటా పన్నెండు నిమిషాలు చాలు. కానీ గంటా ముప్పావు పడుతుంది. రన్‌వే దాకా దొర్లాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించుకోవాలి. 32 ఏళ్లు రైలు గార్డుగా చేసినవాణ్ణి, సిగ్నల్ దగ్గర ఆగిందీ టైమే అని నాకెవరూ చెప్పక్కర్లేదు.

అసలు టైమంతా రెండు కొసల్లో పోతుంది. పేరుకు ఫ్రాంక్‌ఫర్ట్ హాన్, ఊరికి 120 కిలోమీటర్ల దూరం. 1993 దాకా అమెరికా వాళ్ల వైమానిక స్థావరం. రైలు కూడా పోదు, బస్సే గతి. అవతల జిరోనాలో దిగితే బార్సిలోనా ఇంకో 90 కిలోమీటర్లు. నువ్వు వెళ్ళావని కాదు, ఊరికే చెప్తున్నా.

2009లో శ్రీను పెళ్ళికి నేను చెన్నై విమానమెక్కాను, గుర్తుందా? నువ్వు మూడో తరగతి. "గంట ప్రయాణం, దిగగానే ఫోన్ చేస్తా" అని మీ అమ్మకు గొప్పగా చెప్పి కాజీపేటలో తెల్లవారుజామున మూడింటికి కారెక్కా. శంషాబాద్‌లో చేతిసంచిలోంచి గోంగూర పచ్చడి డబ్బా తీయించారు. నూనె ఉంది, కుదరదన్నారు. మూత తీసి వాసన చూపించా. వెనకున్నాయన నవ్వాడు గానీ వాళ్ళు కరగలేదు. ఆ కోపంలో, ఆపిన ఫోన్ మళ్ళీ ఆన్ చేయడమే మర్చిపోయా. తాంబరంలో ఇల్లు చేరేసరికి పన్నెండు. ఇక్కడ మీ అమ్మ పొద్దున్నుంచీ టీవీ వార్తలు చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద పాలు మాడిపోయాయి. ఆ గిన్నె అడుగు ఇప్పటికీ నల్లగానే ఉంది.

అందుకే ఎక్కేముందు ఒక మెసేజ్, దిగాక ఒకటి పెట్టు. ఎక్కడికైనా సరే. జర్మనీ, స్పెయిన్ రెండు చోట్లా ఒకటే టైం, ఈ చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక. గడియారం సాకు చెల్లదు. షెంగెన్ దేశాల మధ్య మామూలుగా సరిహద్దు తనిఖీ ఉండదు కదా అని పాస్‌పోర్టు, నివాస కార్డు గదిలో వదిలేయకు. చౌక టిక్కెట్టయితే సంచి సైజు ముందే చూసుకో, లేకపోతే గేటు దగ్గర డబ్బు గుంజుతారు. మొహమాటానికి ఎవరి టిక్కెట్టూ నువ్వు కొనకు, నీ టిక్కెట్టూ ఎవరిచేతా కొనిపించకు. సరే, మళ్ళీ క్లాసు మొదలుపెట్టా, ఆపుతా.

రాజేశ్వరత్త కొడుకు ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. వెనక బోర్డు మీద జిరోనా అని ఉంది. నువ్వు కాదేమో అనుకున్నా. కానీ ఆ ఆకుపచ్చ స్వెట్టర్ మీ అమ్మ అల్లిందే, ఎడమ చెయ్యి అర అంగుళం పొడుగు. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు.

పక్కన పొడుగాటి అబ్బాయి ఉన్నాడు. అంత చలిలో పలచటి చొక్కా! వాళ్ళింట్లో ఎవరూ చెప్పరా?

వచ్చే నెల రాంబాబు అటు వస్తున్నాడు. గోంగూర పంపిస్తా, ఈసారి పెద్ద పెట్టెలో. ఆకుపచ్చ ఊలు ఇంకా మిగిలిందని మీ అమ్మ అంటోంది. ఆ అబ్బాయి చేతి కొలత రాయి. ఎవరికని అడిగితే ఏదో ఒకటి చెప్తాలే.

నాన్న