తోపుడు బండి షాటు

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

ఎలగున్నావు? ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేసి సంగతి చెడగొడతావని ఉత్తరం రాస్తున్నా. మా కోర్సులో కెమెరా కదలికల మీద ఎక్సర్‌సైజు ఇచ్చారు. పాన్, టిల్ట్, జూమ్, ట్రాకింగ్. మాటలుండకూడదు, పాట తగిలించకూడదు.

ముందు కోట గోడ మీద పాన్ తీశా. 1713లో పునాది పడిన కోట కదా, ఈ మూల నుంచి ఆ మూలకి గిర్రున తిప్పితే దర్జాగా ఉంటుందనుకున్నా. ఇంటికొచ్చి చూస్తే చలిజ్వరం వచ్చినట్టు గోడ వణుకుతోంది. సెకనుకి 24 ఫ్రేములే కాబట్టి, జోరుగా తిప్పితే ఒక్కో ఫ్రేముకీ గోడ ఇంతింత దూరం గెంతేస్తుంది. ఏ వస్తువైనా తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి రావడానికి 7 సెకన్లయినా పట్టాలని లెక్క. నేను రెండు సెకన్లలో కానిచ్చేశా.

గంటస్తంభం దగ్గర టిల్ట్ సంగతి ఇంకా అన్యాయం. కింద బళ్లు, ఆటోల గోల, అక్కణ్నుంచి మెల్లగా పైకి. అద్భుతంగా వచ్చిందనే క్లాసులో వేశా. సార్ చూసి, "పైన ఏం చూపించావు?" అన్నారు.

"గడియారం సార్."

"టైమెంతయింది?"

చచ్చాననుకో! ఆకాశం ఫ్రేములోకి రాగానే ఆటో ఎక్స్‌పోజరు వెలుతురు తగ్గించేసింది. ముళ్లు కాదు కదా, 1885 నాటి స్తంభమంతా మసిపూసినట్టుంది. క్లాసంతా ఒకటే నవ్వు.

ఇక అసలు విషయం. ట్రాకింగుకి, అంటే కెమెరానే కదిలిస్తూ తీయడానికి, మా వీధిలో అరటిపళ్లాయన తోపుడు బండి అడిగి తెచ్చుకున్నా. గచ్చు మీద గడగడలాడుతుంటే టైర్లలో గాలి కాస్త తీసేశా. జూమ్ లాగితే కుదుపు కూడా పెద్దదైపోతుంది కనక బండి కదిలేటప్పుడు వైడ్‌లోనే, అంటే ఎక్కువ మేర కనబడేలా, ఉంచా. మా తమ్ముడు తోస్తాడు, నేను బండెక్కి బోర్లా పడుకుని తీస్తాను. ఫోకసు ఎక్కడెక్కడ మార్చాలో నేల మీద సుద్దముక్కతో గీతలు. నాయనమ్మ నడవలో పీట వేసుక్కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వెనక గోడకి తాతయ్య ఫోటో, దండ, చిన్న ఎర్రబల్బు.

"ఏట్రా గుంటడా, ఊరేగింపా?" అంది నన్ను చూసి.

ముందు కదలకుండా జూమ్ తీశా. నాయనమ్మ పెద్దదైంది, ఫోటో కూడా అంతే పెద్దదైంది. ఇద్దరి మధ్య ఎడం మారలేదు. తర్వాత బండి తోయించా. ఈసారి ఆవిడే పెరుగుతోంది, ఫోటో వెనకే ఉండిపోతోంది. ఆవిడ చెవి పక్కన కనబడే తాతయ్య, బండి దగ్గరికెళ్లే కొద్దీ జుట్టు ముడి వెనక్కి జారిపోయాడు. పుస్తకంలో చదివినప్పుడు ఇదేదో పరీక్షకి రాసే తేడా అనుకున్నా. బండి మీద పడుకుని చూస్తుంటే ఒళ్లు ఝల్లుమంది.

మూడో టేకులో వంటింట్లో పాలు పొంగిన వాసన. నాయనమ్మ "అయ్యో" అని మోకాలు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. తమ్ముడు బండి ఆపేశాడు. నేను కెమెరా ఆపే బటన్ నొక్కడం మర్చిపోయా. ఖాళీ పీట, చాటలో చింతపండు, వాటి వెనక అంతసేపూ దాగున్న తాతయ్య మొహం. ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది.

సార్ దాన్ని రెండుసార్లు వేయించుకున్నారు. "ఆవిడ లేవగానే కెమెరా ఆగింది, బావుంది. ముందే అనుకున్నావా?" అన్నారు. అవును సార్ అనేశా. నీకొక్కడికే నిజం చెబుతున్నా, తమ్ముడికి చెప్పావో చూడు, వాడు ఇప్పటికే సగం క్రెడిట్ అడుగుతున్నాడు.

తర్వాతది క్రేన్ షాట్, కెమెరాని ఎత్తుకి లేపి పైనుంచి తీసేది. మనకి అద్దెకి ఎవడిస్తాడు గానీ, దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది కదా. ఆ పొడుగు మాను కొసన పూజారిగారు కూర్చుని కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు వెళ్తుంటే, ఆయనకి ఊరెలా కనబడుతుందా అని ఇప్పుడు తెగ ఆలోచిస్తున్నా. మనం ఏదైనా మేడ మీద నుంచి తీద్దాం. సెలవు పెట్టుకుని రా. జనం విసిరే అరటిపళ్లు తగలకుండా కెమెరాకి గొడుగు పట్టే మనిషి కావాలి.

నాయనమ్మ నిన్నడిగింది. పాలగిన్నె మాడినందుకు కొత్తది నువ్వే తేవాలట, సినిమా పిచ్చి నాకు అంటించింది నువ్వేనని ఆవిడ నమ్మకం.

నీ
బావ