మొహాలీలో ఆ 73 ఫొటో కూడా ఒకసారి వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పేపర్ చేతికి రాగానే ఆటల పేజీ తిప్పే పాఠకుణ్ణి నేను. దేశంలో ఏం జరిగిందో ఆ తర్వాత చూస్తాను. భారత టెస్టు చరిత్రలో గొప్ప ఇన్నింగ్స్ అంటూ మీరు వేసిన కథనం చదివాను. వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరు మొదట్లోనే కనబడింది, సంతోషం. కానీ మళ్లీ అదే ఫొటో, అదే కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్, అదే 281 పరుగులు. మీరనే కాదు, ఎవరు రాసినా అంతే. లక్ష్మణ్ అనగానే 281 అని రాసి, పక్కన వెరీ వెరీ స్పెషల్ అని చేర్చి ఊరుకుంటారు. 134 టెస్టులాడిన మనిషిని ఒక్క అంకెలో కూర్చోబెట్టేశారు. ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు, అభిమానం కాస్త ఎక్కువై రాస్తున్నది.

281ని తక్కువ చేయడానికి నాకేమైనా పిచ్చా? ఆ టెస్టు జరుగుతున్న 2001 మార్చి 14న నేను డిగ్రీ పరీక్షలకు చదువుతున్నాను, లేదా చదువుతున్నట్టు పుస్తకం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మనల్ని ఫాలోఆన్ ఆడిస్తోంది, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడ్డామని వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దింపింది. ఒక వికెట్ పడితే టీవీ కట్టేసి చదువుకుందాం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. పడలేదు. లంచ్ అయింది, టీ అయింది, సాయంత్రమైంది, ఆ రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి ఒక్క రోజులో స్కోరుకు 335 పరుగులు చేర్చారు, నా ఒళ్లో పుస్తకం మాత్రం పొద్దున తెరిచిన పేజీ దగ్గరే ఉంది. ఆ తర్వాత 376 పరుగుల భాగస్వామ్యం, ద్రవిడ్ 180, హర్భజన్ స్పిన్ మాయ, 171 పరుగులతో గెలుపు, ఇదంతా మీ పాఠకుల్లో చాలామందికి నోటికొచ్చు.

నోటికి రానిది ఏమిటంటే, అదే మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 171కే కుప్పకూలితే అందులో 59 లక్ష్మణ్‌వి, ఆఖరి వికెట్‌గా వెనుదిరిగింది కూడా అతనే. ఆ 59 ఆడిన తీరు చూసే కదా రెండో ఇన్నింగ్స్‌లో ద్రవిడ్‌ని కిందికి దింపి లక్ష్మణ్‌ని మూడో స్థానంలో పంపింది. 59 లేకపోతే 281 లేదు. తర్వాత చెన్నై టెస్టు చూడండి. సిరీస్ తేలాల్సిన మ్యాచ్, మనం రెండే రెండు వికెట్ల తేడాతో గెలిచాం, లక్ష్మణ్ 65, 66 కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా ఫీల్డర్ మార్క్ వా మిడ్‌వికెట్లో గాల్లోకి ఎగిరి ఆ క్యాచ్ పట్టకపోతే ఆఖర్లో మనకి అంత టెన్షన్ కూడా ఉండేది కాదు. ఈ రెండు అంకెలూ మీ కథనంలో లేవు. ఎవరి కథనంలోనూ ఉండవు.

అసలు లక్ష్మణ్ ఆటలో నాకు బాగా నచ్చింది స్కోరు కాదు, ఒక షాటు. లెగ్ స్టంప్ అవతల, బౌలర్ల అడుగులు పడి పిచ్ చెడిన చోట ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ బంతి వేస్తాడు, అది అక్కణ్ణుంచి గిర్రున లోపలికి తిరుగుతుంది. మామూలు బ్యాట్స్‌మన్ అయితే ప్యాడ్ అడ్డం పెడతాడు. లక్ష్మణ్ తొందరేం లేనట్టు రెండడుగులు ముందుకొచ్చి, ఒక బంతిని కవర్స్ మీదుగా పంపేవాడు. సరే అని వార్న్ మళ్లీ అక్కడే వేస్తే, ఈసారి మణికట్టు తిప్పి మిడ్‌వికెట్‌కి. ఒకే చోట పడిన బంతి, మైదానంలో రెండు వేర్వేరు దిక్కులకు ఫోర్లు. ఇక ఫీల్డర్ని ఎక్కడ పెట్టాలి? బంతి తిరిగే దిక్కుకి ఎదురు కొట్టకూడదని చిన్నప్పుడు మాకు నేర్పారు, మేం చెవికెక్కించుకోకుండా లక్ష్మణ్‌ని చూసి అదే షాట్ ప్రయత్నించి లెక్కలేనన్ని సార్లు బౌల్డయ్యాం. మణికట్టు అనే మాట ఎన్నిసార్లు రాసినా ఆ షాట్ చూడని పిల్లలకి అర్థం కాదు.

ఇప్పుడు మొహాలీకి వస్తాను. ఈ ఉత్తరం రాసిందే అందుకు.

2010 అక్టోబరు 5. మళ్లీ ఆస్ట్రేలియానే. లక్ష్యం 216, అదేమంత పెద్దది కాదు, కానీ 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. నేను ఆఫీసులో ఉన్నాను, మ్యాచ్ చూసే వీల్లేదు, కంప్యూటర్లో స్కోరు పేజీ ఒకటి తెరిచి పెట్టుకున్నాను. 124/8 చూసి, ఇక అయిపోయిందని ఆ పేజీ మూసేసి నిజాయతీగా పని మొదలుపెట్టాను. కాసేపటికి చెయ్యి ఆగక మళ్లీ తెరిస్తే ఇషాంత్ శర్మ ఇంకా క్రీజులోనే ఉన్నాడు! పేజీ పాతదేమో అనుకుని రెండుసార్లు రిఫ్రెష్ కొట్టాను. పాతది కాదు. ఇషాంత్ 31 పరుగులు చేశాడు, లక్ష్మణ్, అతనూ కలిసి 81 జోడించారు. వెన్నునొప్పితో లక్ష్మణ్ పరుగెత్తలేక తన బదులు పరుగెత్తడానికి రైనాని రన్నర్‌గా పెట్టుకుని ఆడుతున్నాడు. 205 దగ్గర ఇషాంత్ అవుట్. ఇంకా 11 కావాలి, చివరి వికెట్, బ్యాటు పట్టుకుని వచ్చింది ప్రజ్ఞాన్ ఓఝా.

అక్కణ్ణుంచి జరిగింది తర్వాత హైలైట్స్‌లో చూశాను, ఎన్నిసార్లు చూశానో చెప్తే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. పరుగు తీసే విషయంలో తడబాటు వచ్చింది, ఓఝా కదల్లేదు, లక్ష్మణ్ బ్యాటు పైకెత్తి అతని మీద అరిచాడు. లక్ష్మణ్ అరిచాడండీ! అంపైర్ తప్పుగా అవుటిచ్చినా తల వంచుకుని వెళ్లిపోయే మనిషి, సెంచరీ కొట్టినా పక్కింటాయన పలకరించినట్టు ఓ చిన్న నవ్వు నవ్వే మనిషి, ముఖం ఎర్రగా చేసుకుని అంతమంది చూస్తుండగా కేకలేశాడు. నేనైతే అతని కోపం చూడటం అదే మొదలు. ఇంకా ఆరు పరుగులు కావాల్సి ఉండగా ఆస్ట్రేలియా బౌలర్ జాన్సన్ బంతి ఓఝా ప్యాడ్లకి తగిలింది. ఎల్బీడబ్ల్యూ కోసం ఆస్ట్రేలియన్లంతా అరుస్తుంటే, ఓఝా క్రీజు బయట ఉన్నాడని స్టీవ్ స్మిత్ వికెట్ల మీదకి విసిరాడు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కుర్రాడప్పుడు స్మిత్. అంపైర్ నాటౌట్ అన్నాడు, త్రో తప్పింది, బంతి బౌండరీకి పోయింది. నాలుగు పరుగులు ఊరికే వచ్చాయి. ఆ వెంటనే బ్యాటుకి కాక ఒంటికి తగిలిన బంతికి రెండు లెగ్ బైలు, మ్యాచ్ మనది. ఒక్క వికెట్ తేడా. లక్ష్మణ్ 73 నాటౌట్.

రికార్డు పుస్తకంలో అదొక హాఫ్ సెంచరీ, అంతే. టెస్టుల్లో అతనికి 56 హాఫ్ సెంచరీలున్నాయి, వాటిలో ఇదొకటి. 281కి సమానం అని నేననను గానీ, నడుము పట్టేసి, అవతల ఇషాంతూ ఓఝా ఉండి, ఓడిపోతున్న మ్యాచ్‌లో ఆడిన 73ని ఏ తక్కెడలో తూయాలో నాకు తెలియడం లేదు. ఆ ఏడాదే ఆగస్టులో కొలంబోలో 257 ఛేదిస్తుంటే 103 నాటౌట్, డిసెంబరులో డర్బన్‌లో దక్షిణాఫ్రికా ఫాస్ట్ బౌలర్ స్టెయిన్ బౌలింగ్‌లో 38, 96. డర్బన్‌లో రెండు జట్లూ కలిపి నాలుగు ఇన్నింగ్స్ ఆడితే ఒక్కరు కూడా సెంచరీ కొట్టలేకపోయారు, అలాంటి పిచ్ అది. మనం 87 పరుగులతో గెలిచాం.

17 సెంచరీలేనా అని ఈ కాలం పిల్లలు అంటుంటారు. మా అబ్బాయే అన్నాడు. ఒక్కసారి ఆ బ్యాటింగ్ ఆర్డర్ చూడరా అన్నాను. పైన సెహ్వాగ్, ద్రవిడ్, సచిన్, గంగూలీ. అందరి తర్వాత దిగేవాడికి మిగిలేదేమిటి? ఇన్నింగ్స్ మధ్యలో తీసుకునే రెండో కొత్త బంతి, లేదా బౌలర్లతో కలిసి బ్యాటింగ్. అవతల వికెట్లు అయిపోతుంటే సెంచరీ ఎక్కణ్ణుంచి వస్తుంది? 34 సార్లు నాటౌట్‌గా మిగిలాడు. అంతకుముందేమో ఇష్టం లేకపోయినా ఓపెనర్‌గా పంపారు, ఆ స్థానంలోనే 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టాడు. జట్టు మొత్తం 261, అంటే మిగతా పదిమందీ ఎక్స్‌ట్రాలూ కలిపి 94. ఆ మ్యాచ్ ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయాం కాబట్టి అదీ ఎవరికీ గుర్తులేదు.

వన్డేల సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 86 వన్డేలు ఆడాడు, ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2003లో పక్కన పెట్టారు. ఆ తర్వాత కొద్ది నెలలకే జట్టులోకొచ్చి ఆస్ట్రేలియాలో ముక్కోణపు సిరీస్‌లో మూడు సెంచరీలు, వెంటనే పాకిస్తాన్ వెళ్లి లాహోర్‌లో తేలాల్సిన వన్డేలో 107. అతని వన్డే సెంచరీలు మొత్తం ఆరు, అందులో నాలుగు ఆస్ట్రేలియా మీదే. నోటితో ఒక్కమాట అనకుండా బ్యాటుతో జవాబు చెప్పాడని రాసేయవచ్చు, కానీ నాకు ఆ మాట నచ్చదు. జవాబు చెప్పినా పోయిన ప్రపంచ కప్ తిరిగి రాదు కదా.

అభిమానిని కాబట్టి లోపాలు కనబడవని అనుకోకండి. వికెట్ల మధ్య పరుగు చురుకు కాదు, ఒంటి చేత్తో రెండు పరుగులు ఆపే ఫీల్డరూ కాదు (స్లిప్‌లో మాత్రం తిరుగులేదు, 135 క్యాచ్‌లు). ఆఖరి ఆస్ట్రేలియా పర్యటన అయితే కళ్లు మూసుకుని చూడాల్సి వచ్చింది. ఎనిమిది ఇన్నింగ్స్‌లో 155 పరుగులు. ఎవరి మీద అయితే పదేళ్లు పెత్తనం చేశాడో వాళ్ల దగ్గరే కాళ్లు కదలక అవుటవుతుంటే, తీసేయండి అని అరిచినవాళ్లలో మా స్నేహితులూ ఉన్నారు. నేను అరవలేదు గానీ, వాళ్లది తప్పని వాదించనూ లేదు. ఆ సంగతి ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

2012 ఆగస్టు 18న రిటైర్మెంట్ ప్రకటించాడు. న్యూజిలాండ్ సిరీస్‌కి జట్టులో పేరుంది. మొదటి టెస్టు ఆగస్టు 23న, అదీ సొంత ఊరు హైదరాబాద్ ఉప్పల్‌లో. ఐదు రోజులాగితే సొంత మైదానం, సొంత జనం, చప్పట్లు, కావాలంటే సిరీస్ అయ్యాక వీడ్కోలు. ఆగలేదు. చోటు కుర్రాళ్లకి ఇవ్వాలనిపించినప్పుడు తన కోసం ఇంకొక మ్యాచ్ ఆడటం ఏమిటి అనుకున్నాడు. ఆ వారమంతా నాకు ఇద్దరి మీదా కోపమొచ్చింది, అతన్ని అక్కడిదాకా తెచ్చినవాళ్ల మీద ఒకటి, ఒక్క మ్యాచ్ ఆడకుండా వెళ్లిపోయిన అతని మీద ఇంకొకటి. ఉప్పల్‌లో ఆ టెస్టు మనం ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం, పుజారా 159 కొట్టాడు. బాగా ఆడాడు కూడా. నేను మాత్రం ప్రతి వికెట్ పడ్డప్పుడూ పెవిలియన్ మెట్ల వైపే చూశాను.

అందుకని మీకో విన్నపం. మళ్లీ లక్ష్మణ్ గురించి రాసే సందర్భం వస్తే, రాక మానదు, ఈడెన్ ఫొటో ఈసారికి పక్కన పెట్టండి. మొహాలీ ఫొటో వేయండి. బ్యాటు పైకెత్తి ఓఝా మీద అరుస్తున్నది ఉంటుంది చూడండి, అది. కింద 73 నాటౌట్ అని రాస్తే చాలు. ఆ పేజీ కత్తిరించి దాచుకోవడానికి నా దగ్గర ఫైలు సిద్ధంగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు