ఏ కారణం చెప్పి తీసుకువెళతారు?

కాకినాడ
17 అక్టోబరు 2004

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి బి.పి. అదుపులోనే ఉంది గానీ, ఉప్పు తగ్గించమంటే వినకుండా పెరుగన్నంలోకి ఆవకాయ ఊట వేసుకుంటున్నారు. శరన్నవరాత్రులు మొదలయ్యాయి. అక్క, పిల్లలు వచ్చారు. పెద్దత్తయ్య మోకాళ్ళకు హోమియో వాడుతోంది. తగ్గిందని ఆవిడ అంటోంది, నడక చూస్తే నాకలా అనిపించడం లేదు. నీకు ఎప్పుడు ఫోను చేసినా ఆ యంత్రంలో నీ గొంతు పలికి, చెప్పదలచుకున్నది చెప్పి పెట్టేయమంటోంది. నీ గొంతయినా వినపడుతుంది కదా అని మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను. బిల్లు చూసి నాన్నగారు ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోతేనే నాకు దిగులు.

కరివేపాకు కారం, నువ్వుల పొడి, ఈ ఏటి ఆవకాయ కట్టి ఉంచాను. పద్మగారి అబ్బాయి వచ్చే నెల షికాగో వస్తున్నాడు, అతనికిచ్చి పంపుతాను. అక్కడ చలి మొదలై ఉంటుంది. నేను అల్లిన స్వెట్టరు పెట్టెలో దాచకుండా వేసుకో. రాత్రిపూట నూడుల్స్‌తో సరిపెట్టుకోకు. గుప్పెడు బియ్యం పడేస్తే ఉడికిపోతాయి, అదేమంత పని.

పేపరు చదవడం మాత్రం నేను మానలేదు. ఇరాక్‌లో మారణాయుధాల కోసం వెతికిన అమెరికా బృందానికి పెద్ద అయిన డ్యూల్ఫర్ నివేదిక ఈ నెల 6న వచ్చింది కదా, దాని మీద వచ్చినవన్నీ కత్తిరించి దాచాను. వెయ్యి మందికి పైగా మనుషులు ఏడాదికి పైగా ఇరాక్ అంతా గాలించి తేల్చినదేమిటంటే, యుద్ధానికి ముందు అక్కడ మారణాయుధాల నిల్వలు లేవు. ఉన్న రసాయన ఆయుధాలను 1991 యుద్ధం తర్వాత వాళ్ళే ధ్వంసం చేసుకున్నారు. అణుబాంబు పని కూడా అప్పుడే ఆగిపోయింది. డ్యూల్ఫర్‌కు ముందు అదే బృందాన్ని నడిపిన డేవిడ్ కే మొన్న జనవరిలోనే సెనెట్ కమిటీ ముందు కూర్చుని, దాదాపు అందరమూ పొరబడ్డామని చెప్పాడు. ఆంక్షలు ఎత్తివేస్తే మళ్ళీ మొదలుపెట్టాలన్న ఉద్దేశం సద్దాంకు ఉందని కూడా డ్యూల్ఫర్ రాశాడు. నాకు నచ్చని భాగమని దాన్ని దాచను. కానీ మనసులో ఉద్దేశం వేరు, గిడ్డంగిలో ఆయుధం వేరు. గిడ్డంగిలో ఉందని చెప్పే కదా సైన్యాన్ని పంపారు!

నిరుడు ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి పావెల్, ఇరాక్ దగ్గర విషక్రిముల ఆయుధాలున్నాయంటూ భద్రతా మండలిలో చిన్న సీసా పట్టుకుని చూపించిన రోజు నువ్వు ఫోనులో అన్న మాట నాకు గుర్తుంది. "అంత పెద్ద మనిషి, సైన్యాధిపతిగా పనిచేసినవాడు, లేనిది ఉందని చెబుతాడా అమ్మా" అన్నావు. ఐక్యరాజ్యసమితి తరఫున తనిఖీకి వెళ్ళిన హాన్స్ బ్లిక్స్ బృందానికి ఇంకొన్ని నెలలు ఇవ్వాలని నేనన్నాను. ఆఫ్రికా నుంచి యురేనియం కొనబోయారనడానికి చూపిన పత్రాలు అసలైనవి కావని మార్చి 7నే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్బరాదీ మండలికి చెప్పాడు. యుద్ధం మొదలైంది మార్చి 20న. మధ్యలో 13 రోజులు ఉన్నాయి. ఆగదలచుకున్నవాళ్ళకు అవి చాలు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానని అనుకోకు. ఊరికే రాస్తున్నాను.

మొన్న పేరంటంలో సీత పిన్ని కోడలు కలిసింది. వాళ్ళ తమ్ముడు మీ ఊళ్ళోనే ఉంటాడు కదా. నువ్వు సైన్యంలో చేర్చుకునే ఆఫీసు నుంచి, చేతిలో కాగితాలతో బయటకు వస్తుండగా చూశాడట. పేరంటాల్లో మాటలు నేను పట్టించుకోనని నీకు తెలుసు. ఆ అమ్మాయికి ముందునుంచీ కాస్త తొందరపాటు. అక్కకు కూడా ఈ మాట చెప్పలేదు.

అక్క పెద్దవాడికి ఈసారి లెక్కల్లో మార్కులు తగ్గాయి. బావ తిడుతుంటే నేనే అడ్డం పడ్డాను. వాడికి నువ్వంటే ఎంత గురో నీకు తెలియదు. నువ్వేది చేస్తే అదే చేస్తానంటాడు. అది కూడా ఆలోచించుకో.

ఇప్పుడు మీ దగ్గర వాదన మారింది, గమనించావా? ఆయుధాలు లేకపోయినా సద్దాం పోయాడు కదా, ప్రపంచం బాగుపడింది కదా అంటున్నారు. బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ పోయిన నెల తన పార్టీ మహాసభలో, సమాచారం తప్పని తేలినందుకు క్షమాపణ చెప్పగలను గానీ సద్దాంను దించినందుకు చెప్పలేనన్నాడు. బుష్ తాను చేసింది సరైనదేనంటున్నాడు. ఎన్నికల్లో అతనికి ఎదురు నిలబడిన కెర్రీ, ఇప్పుడు తెలిసినవన్నీ అప్పుడే తెలిసినా యుద్ధానికి అధ్యక్షుడికి అధికారమిస్తూ ఓటు వేసేవాడినేనని ఆగస్టులో అన్నాడు. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి ఫలానా ఉద్యోగం ఉందని చెప్పి, తాళి కట్టాక అది లేదని తెలిస్తే, అయితే ఏమిటి, అబ్బాయి మంచివాడే కదా అన్నట్టుంది ఇది. పిల్లనిచ్చినవాళ్ళు ఊరుకుంటారా?

సద్దాం మంచివాడని నేననను. 1988లో హలబ్జాలో విషవాయువుతో వేలమంది కుర్దులను చంపినవాడు. అప్పుడు నిజంగానే ఆ ఆయుధాలు అతని చేతిలో ఉన్నాయి, వాడాడు కూడా. ఆనాడు ఏ పెద్ద దేశమూ అతని మీదికి సైన్యాన్ని పంపలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడడం నాకు అలవాటు.

సత్తి మామయ్య కువైట్ నుంచి తిరిగొచ్చినప్పుడు నువ్వు చిన్నవాడివి. బొంబాయి నుంచి రైలెక్కి ఒకే చొక్కాతో వచ్చాడు, నీకు గుర్తుండకపోవచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడినప్పుడు వాడు ఒక షేకు ఇంట్లో డ్రైవరు. ఆ కుటుంబం తెల్లారేసరికి కారెక్కి వెళ్ళిపోయింది. జీతం లేదు, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టారో తెలియదు. నెలరోజులు అక్కడే, మన కోనసీమ వాళ్ళు, కడప వాళ్ళు ఒకచోట చేరి ఉన్న పిండీ పప్పూ పంచుకున్నారు. తర్వాత బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాలు. నీళ్ళ లారీ వస్తే తోపులాట. అమ్మాన్ చేరాక మన ఎయిరిండియా విమానాలు వచ్చాయి. అలా లక్షమందికి పైగా మనవాళ్ళను తెచ్చారు. మామయ్య అమలాపురంలో దిగినప్పుడు అమ్మమ్మ వాడిని గుర్తుపట్టలేదు.

బస్సు బస్రా దాటాక ఎక్కడో చెడిపోయిందట. రోడ్డు పక్క ఇంట్లోంచి ఒక ముసలావిడ కుబ్బూసు రొట్టెలు, ఖర్జూరాలు తెచ్చి అందరికీ పెట్టింది. మామయ్యకు అప్పటికే అరబ్బీ బాగా వచ్చు. కువైట్ నుంచి వస్తున్నామని తెలిశాక ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, మా చిన్నవాడు కనిపించాడా అని అడిగింది. పెద్దవాడు ఇరాన్ యుద్ధంలో పోయాడట. చిన్నవాడిని ఆగస్టులో తీసుకువెళ్ళారు. కువైట్‌లో విప్లవం వచ్చింది, వాళ్ళే సాయానికి పిలిచారు, కొన్నాళ్ళలో వచ్చేస్తారని చెప్పి తీసుకువెళ్ళారట. వారం తిరక్కుండానే కువైట్ ఇరాక్‌లో కలిసిపోయిందన్నారు. ఆ నెలాఖరుకు అది మా పంతొమ్మిదో రాష్ట్రమన్నారు. "సాయానికని వెళ్ళినవాడు ఎందుకు రాలేదు? ఇప్పుడు వాడక్కడ ఏం చేస్తున్నాడు?" అని ఆవిడ మామయ్యను అడిగింది. వాడేం చెబుతాడు! లక్షల సైన్యంలో ఎవరిని చూశాడని చెబుతాడు? చూశానమ్మా, బాగానే ఉన్నాడు, రొట్టె తింటున్నాడు అని చెప్పి బస్సెక్కాడు. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ బాధపడతాడు. ఆర్నెల్లు తిరగకుండానే ఆ సైన్యం మీద బాంబులు పడ్డాయి.

సద్దాం ఒక కారణం చెప్పి ఆవిడ కొడుకును తీసుకువెళ్ళి, ఇంకో కారణం మీద అక్కడ ఉంచాడు. ఇప్పుడు బుష్ కూడా ఆయుధాలని చెప్పి పంపినవాళ్ళను ప్రజాస్వామ్యమని చెప్పి ఉంచుతున్నాడు. పోయిన నెలకే అక్కడ చనిపోయిన అమెరికా సైనికులు వెయ్యి దాటారు. ఇరాక్ వాళ్ళ లెక్క సరిగా తేలనే లేదు.

నిరుడు మనల్ని కూడా సైన్యం అడిగారు. ఐక్యరాజ్యసమితి నిర్ణయం లేకుండా పంపలేమని జూలైలో వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పింది. ఆ రోజు మన వీధి చివరి సుబేదారుగారి భార్య గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం మనింటికి కూడా తెచ్చింది. వాళ్ళబ్బాయి వెళ్ళకుండా తప్పిన యుద్ధానికి నా కొడుకు అక్కడి నుంచి తనంతట తాను వెళతాడా? ఇది రాయకూడదనే మొదలుపెట్టాను. రాశాను కాబట్టి మిగిలింది కూడా రాస్తాను.

నీ ఉద్యోగం జూన్‌లోనే పోయిందని బావకు తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ ఎవరూ నిన్ను చిన్నచూపు చూడరు. గ్రీన్‌కార్డు ఉండి సైన్యంలో చేరితే పౌరసత్వానికి ఏళ్ళ తరబడి ఆగనక్కర్లేదని 2002లో ఉత్తర్వు ఇచ్చారట. నేషనల్ గార్డ్ అనే పార్ట్‌టైము సైన్యమైతే నెలకు రెండు రోజులే, చదువు ఖర్చు కూడా ఇస్తారని చెబుతారట. బావ ఇంటర్నెట్‌లో చూసి కాగితాలు తీసిచ్చాడు, అన్నీ చదివాను. ఆ గార్డు వాళ్ళనే వేల సంఖ్యలో ఇరాక్ పంపారని కూడా వాటిలోనే ఉంది. ఒప్పందం మొత్తం ఎనిమిదేళ్ళకట. గడువు ముగిసినా ఇళ్ళకు పంపకుండా ఆపే ఉత్తర్వులు వేరే ఉన్నాయి. గ్వాటెమాలాలో అనాథగా పెరిగి మీ దేశం వచ్చిన హోసే గుతియెర్రెజ్ అనే కుర్రాడు, నీలాగే గ్రీన్‌కార్డు వాడు, యుద్ధం మొదలైన రోజుల్లోనే చనిపోయాడు. చనిపోయాక పౌరసత్వం ఇచ్చారు. నాలుగు రోజుల నుంచి నాకు ఆ పిల్లవాడే కళ్ళముందు మెదులుతున్నాడు.

నువ్వు పిరికివాడివి కావని నాకు తెలుసు. నిన్ను పిరికివాడిగా ఉండమని కూడా అనడం లేదు. ఆ దేశం నీకు అన్నం పెట్టింది, దాని రుణం తీర్చుకోవాలనుకుంటే నేను అడ్డుచెప్పను. కానీ ఆ ఆఫీసులో కూర్చున్న మనిషిని అడుగు: నన్ను ఏ కారణం మీద పంపుతారు, ఆ కారణం రేపు తప్పని తేలితే తిరిగి రానిస్తారా? అతను కాగితం మీద రాసిస్తాడేమో చూడు.

వచ్చే ఆదివారం ఉదయం, మీకు శనివారం రాత్రి, ఫోను దగ్గరే ఉంటాను. వానలకు మన లైను సరిగా పలకడం లేదు, కలవకపోతే పద్మగారి ఇంటికి చెయ్యి. ఏదైనా సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చో, మొదటి వరుస నుంచి ఇంగ్లీషులోనే చదివి వినిపించు, నాకు అర్థమవుతుంది. ఇంకా పెట్టకపోతే, నాతో మాట్లాడేదాకా పెట్టకు. డబ్బు ఎంత కావాలో మొహమాటపడకుండా చెప్పు. నా గ్రాట్యుటీ డిపాజిట్ డిసెంబరులో చేతికొస్తుంది, నాన్నగారికి కూడా అభ్యంతరం లేదు.

ఆశీస్సులతో,
అమ్మ