నీ కార్డు బతికే ఉంది, ఫ్యూజూ

పర్లాకిమిడి
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ ఫ్యూజూ,

ముందు నాలుగు తిట్లు తిట్టుకో, తర్వాత చదువు. కంప్యూటరులో బొమ్మల పనంతా మోసే నీ గ్రాఫిక్స్ కార్డు చేరి మూడు నెలలయింది. నువ్వు ఫోను చేసినప్పుడల్లా "అందిందిరా, తీరిగ్గా చెబుతాను" అని తప్పించుకున్నాను. తప్పు నాదే. అది పనిచేస్తుందో లేదో తేలకుండా నీకు చెబితే హాస్టల్లో హీటరు కథ మళ్ళీ మొదలుపెడతావని భయం. ఆ రాత్రి మూడో అంతస్తు మొత్తం చీకటి చేసింది నువ్వే అయినా, ప్లగ్గు పెట్టింది నేనని ఇప్పటికీ ప్రచారం చేస్తున్నావట కదా!

ఇక్కడి సంగతులు: నాన్న మోకాలి నొప్పి తగ్గింది, చెల్లికి బరంపురంలో ఉద్యోగం దొరికింది, పెళ్ళిళ్ళ సీజను కాబట్టి స్టూడియోలో పని బాగానే ఉంది. అయిపోయాయి. అసలు విషయానికి వస్తాను. మామయ్య గుణుపూర్ పాసింజరులో నీ కార్డుని పాత లుంగీలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అదే మామయ్య ఇవాళ తిరిగి విశాఖ వెళుతున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను. అంటే నాకు ఉన్న సమయం ఆయన భోజనం చేసి లేచేంతవరకే. ఆయన పెరుగన్నం నీకు తెలుసుగా, కంగారేమీ లేదు.

నా లాప్‌టాప్ అవస్థ నీకు కొత్త కాదు. పాతపట్నంలో చేసిన పెళ్ళి వీడియో ఇరవై నిమిషాల ముక్క రంగులు సరిచేసి బయటికి తీయాలంటే రెండున్నర గంటలు. ఈలోగా పెళ్ళికూతురి అన్నయ్య ఫోన్లు. వాళ్ళు తెలుగువాళ్ళు, పెళ్ళికొడుకు వాళ్ళు ఒడియావాళ్ళు. రెండు భాషల్లోనూ "ఎప్పుడిస్తారు" అనే అడుగుతారు. కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేదు. నీ కార్డు ఉంది, జీటీఎక్స్ 1060, ఆరు జీబీ మెమరీ, 2016 నాటిదయినా గట్టిది. అది డెస్క్‌టాప్‌లో కూర్చునే మనిషి, నా దగ్గర ఉన్నది లాప్‌టాప్. దీన్ని దానికి తగిలించడం ఎలాగన్నదే కథ.

మొదట పెద్ద పొరపాటు చేయబోయాను. థండర్‌బోల్ట్ అనే వేగమైన కనెక్షను డబ్బాలు ఉంటాయి చూడు, కార్డుని అందులో పెట్టి ఒక్క తీగ లాప్‌టాప్‌కి గుచ్చితే చాలు, సెకనుకి నలభై గిగాబిట్ల దారి. నా లాప్‌టాప్‌కి టైప్ సీ రంధ్రం ఉంది కదా అని ఒక డబ్బా దాదాపు ఆర్డరు పెట్టేశాను. ధర చూసి ఆగాను, నిజాయితీగా చెబుతున్నాను, తెలివితో కాదు. తర్వాత తెలిసింది, రంధ్రం ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపల థండర్‌బోల్ట్ ఉండాలని లేదు. పక్కన మెరుపు గుర్తు ఉందేమోనని భూతద్దం పెట్టి చూశాను. మెరుపు లేదు, బొరుగు పొడి ఉంది.

రెండో దారి లాప్‌టాప్ పొట్టలోనే ఉంది. ఎన్‌వీఎంఈ అనే వేగమైన బుల్లి డిస్కు గుచ్చే ఎం.2 అనే సన్న స్లాటు ఉందే, అది నిజానికి గ్రాఫిక్స్ కార్డులు వాడే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారే, నాలుగు వరసలది. డిస్కు తీసేసి అక్కడ ఒక అడాప్టరు గుచ్చితే, దాని నుంచి రిబ్బను లాంటి తీగ బయటికి వచ్చి కార్డు కూర్చునే పీటకి చేరుతుంది. అయితే కొన్ని ఎం.2 స్లాట్లు సాటా అనే పాత రకం డిస్కులకు మాత్రమే పనికొస్తాయి, వాటితో ఈ పని జరగదు. నాది అదృష్టం కొద్దీ ఎన్‌వీఎంఈ స్లాటే. విండోస్ మొత్తాన్ని ముందు 2.5 అంగుళాల సాటా డిస్కు మీదకి మార్చాను. దానికే ఒక ఆదివారం పోయింది, ఆ సోది వద్దు.

డెస్క్‌టాప్‌లో కార్డుకి పదహారు వరసల దారి, ఇక్కడ నాలుగే. మా తాతయ్యకి చెబితే వెంటనే అర్థమయింది: "అంటే మన పాత చిన్న బండి లాంటిదన్నమాట." 1900లో వేసిన రెండున్నర అడుగుల పట్టాల మీద నౌపడా వరకు వెళ్ళేది కదా, అదీ ఆయన లెక్క. 2011లో గుణుపూర్ వరకు పెద్ద పట్టాలు పడినా ఆయన మనసు ఇంకా ఆ చిన్న బండిలోనే ఉంది. కానీ పోలిక బాగుందిరా. బండి చిన్నదే అయినా ఊరు చేరుతుంది, సరుకే ఎక్కువసార్లు మోయాలి. కార్డు లోపలే ఎక్కువసేపు జరిగే పనికి నష్టం తక్కువ, బొమ్మలు అటూ ఇటూ తిరగాల్సిన పనికి ఎక్కువ.

కరెంటు సంగతి. ఆ కార్డుకి 120 వాట్లు కావాలి, లాప్‌టాప్ ఇవ్వలేదు. మన వీధి చివర ఎలక్ట్రీషియన్ భాయినా ఉన్నాడు కదా, చచ్చిపోయిన కంప్యూటరులోంచి ఊడదీసిన 450 వాట్ల పవర్ సప్లై ఇచ్చాడు. పనిచేస్తుందా భాయినా అంటే, "చాలిబొ!" అన్నాడు, ఒడియాలో నడుస్తుందని. నువ్వు మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన అదే మాట అంటే "చాలు, పో" అన్నాడనుకుని అలిగి బస్టాండుకి వెళ్ళిపోయావు, గుర్తుందా? నిన్ను వెతకడానికి నేను, చెల్లి, ఆయన, ముగ్గురం తిరిగాం.

సరే, ఆ పవర్ సప్లై బతికి ఉందో లేదో ముందు చూడాలి. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఇరవై నాలుగు పిన్నుల తలలో పచ్చ తీగ రంధ్రాన్నీ పక్కనే ఉన్న నల్ల తీగ రంధ్రాన్నీ ఒక పిన్నుతో కలిపి, తర్వాత స్విచ్ వేయాలి. ఇంట్లో జెముక్లిప్పు దొరకలేదు. అమ్మ చీర పిన్నీసు వంచాను. ఫ్యాను తిరిగింది! ఆ పిన్నీసు ఇప్పటికీ దొరకలేదని అమ్మ వెతుకుతోంది. ఈ ఉత్తరం ఆవిడ కంట పడకూడదు.

ఇక అసలు రాత్రి, అంటే మొన్న శుక్రవారం. లాప్‌టాప్ అడుగు మూత ఊడదీసి రెండు నిఘంటువుల మీద నిలబెట్టాను. తీగ కిందనుంచి వేలాడుతోంది. పక్కన పీట మీద నీ కార్డు, దాని పక్కన పవర్ సప్లై. అమ్మ చూసి "ఇది లాప్‌టాపా, ఆపరేషను బల్లా?" అంది. ముందు కార్డుకి కరెంటు, తర్వాత లాప్‌టాప్. ఈ వరస తప్పకూడదు, నడుస్తుండగా గుచ్చడం పీకడం అసలు చేయకూడదు. వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. విండోస్ వచ్చింది. పరికరాల జాబితాలో కార్డు లేదు. ఆనవాలే లేదు. ఆపి, తీగ తీసి, మళ్ళీ గుచ్చి, మళ్ళీ. నాలుగోసారి గమనించాను, ఎం.2 దగ్గర మరను బిగించలేదు, కొన లేచి ఉంది. బిగిస్తే కనిపించింది. కానీ పక్కన పసుపు పచ్చ గుర్తు. కోడ్ 12. ఈ పరికరానికి కావలసిన ఖాళీ వనరులు లేవట.

అప్పుడు నాకు కోపం వచ్చింది చూడు, పీట ఎత్తి పెరట్లోకి విసిరేద్దామనిపించింది. రాత్రి పదకొండు. ఇరవై నిమిషాలు గుమ్మంలో కూర్చున్నాను. తర్వాత చదువుతూ పోతే అర్థమయింది. ప్రతి గ్రాఫిక్స్ కార్డుకీ కంప్యూటరు చిరునామాల్లో కొంత చోటు కావాలి. నా లాప్‌టాప్‌లో తెరని నడిపే గ్రాఫిక్స్ కాక, పుట్టుకతో వచ్చిన బుల్లి గ్రాఫిక్స్ చిప్పు ఇంకొకటి విడిగా ఉంది, అది ఆ చోటుని ముందే ఆక్రమించుకుంది. ఇల్లరికపు అల్లుడు నడవలో మంచం వేసుకుని పడుకుంటే పెద్దల్లుడికి చోటెక్కడ? పరికరాల జాబితాలో ఆ బుల్లి చిప్పుని ఆపేశాను, కార్డ్ రీడరుని కూడా. పునఃప్రారంభం. కళ్ళు మూసుకున్నాను, నిజంగా.

పసుపు గుర్తు లేదు. నీ కార్డు పేరు పూర్తిగా, శుభ్రంగా, గౌరవంగా ఉంది.

నేను అరిచిన అరుపుకి నాన్న దొంగలనుకుని కర్ర పట్టుకుని వచ్చాడు. వెంటనే ఆ పాతపట్నం పెళ్ళి ముక్క వేశాను. ముప్ఫై ఎనిమిది నిమిషాలురా! రెండున్నర గంటల పని. ఇంకొక మాట, బొమ్మని లాప్‌టాప్ తెర మీదే చూస్తే అది మళ్ళీ అదే సన్న తీగలోంచి వెనక్కి రావాలి. అందుకని హాల్లో టీవీ తీగని నేరుగా కార్డుకే గుచ్చాను, తేడా కంటికే తెలుస్తుంది. అమ్మకి కూడా తెలిసింది, మర్నాడు సీరియల్ సమయానికి. ఇప్పుడు పాత మానిటరు ఎవరి దగ్గర ఉందా అని అడుగుతున్నాను.

ఆనందం ఎంతసేపు? శనివారం సాయంత్రం రెండో వీడియో తొంభై శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. ఇన్నాళ్ళూ కరెంటు పోతే లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉందని గర్వపడేవాణ్ణి కదా. ఇప్పుడు లాప్‌టాప్ బతికి ఉంది, కార్డు పోయింది. ఒక క్షణం తెర బిగుసుకుపోయి, తర్వాత నీలం. సగం ఒళ్ళు పడిపోయిన మనిషిలా అనిపించింది, పాపం. యూపీఎస్ కొనక తప్పదు. అది కూడా భాయినానే అడిగాను, "చాలిబొ" అన్నాడు, ఏది చాలిబొయో చెప్పలేదు.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి నెలల తరబడి స్నేహితుడికి ఉత్తరం రాయవేమిటని తాతయ్య రోజూ సాధిస్తున్నాడు, అందుకే కాగితం పట్టాను. అదీగాక ఫోనులో ఇంతసేపు నువ్వు వినవు, మధ్యలో హీటరు తెస్తావు.

డబ్బు సంగతి ఎత్తకు. పలాస జీడిపప్పు మామయ్య సంచిలో పెట్టాను, కార్డు బాకీ అందులోంచి తగ్గించుకో. దసరాకి వస్తావా? వస్తే ఆ బస్టాండు

మామయ్య చెయ్యి కడుక్కుంటున్నాడు. త్వరగా రాస్తాను. నీ కార్డు మీద రెండు ఫ్యాన్లలో కుడివైపుది మొదట ఒక నిమిషం గీరుతోంది, వేడెక్కాక ఆ చప్పుడు ఆగిపోతోంది. నీ దగ్గర ఉన్నప్పుడు కూడా ఇలాగే ఉండేదా, లేక ఇది రైల్లో లుంగీ వల్ల వచ్చిందా? నూనె చుక్క వేయవచ్చంటే ఎక్కడ వెయ్యాలో, మూత తీసి బేరింగు దగ్గరా లేక పైనుంచే

చెప్పులు వేసుకుంటున్నాడు. ఉంటాను.

నీ
మీటరు