పసిపిల్లల కిడ్నీ వాపు ఫాలోఅప్ షీటుకు సాయపడ్డ వారందరికీ కృతజ్ఞతలు

పుట్టుకతోనే మూత్రం దిగే దారిలో అడ్డంకి ఉన్న పిల్లల్లో ఎవరికి ఆపరేషన్ తప్పదు, ఎవరిని స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉంటే చాలు అన్నది ఒక్క రిపోర్టుతో తేలదు. కడుపులో ఉండగా కిడ్నీ వాపు కనిపించిన పిల్లల్లో ఎక్కువమందికి అది దానంతటదే తగ్గిపోతుంది. మిగిలిన కొద్దిమందిని కిడ్నీ దెబ్బతినకముందే పట్టుకోవాలంటే ఇవాళ్టి రిపోర్టును కిందటిసారి రిపోర్టు పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకే పద్ధతిలో తీసినవి కాకపోతే ఆ పోలిక ఎందుకూ కొరగాదు. అందుకే అన్నీ ఒకేచోట రాసుకునే షీటు ముసాయిదాను మీ ముందు పెట్టి సలహాలు అడిగాం. మొహమాటం లేకుండా చెప్పారు. ఊరికే ధన్యవాదాలు అనడం కంటే ఎవరి మాట ఏ గడిలోకి చేరిందో చెప్పడం బాగుంటుందని ఇది రాస్తున్నాం.

ముందుగా అల్ట్రాసౌండ్ తీసేవారికి. స్వల్పం, మోస్తరు, తీవ్రం అన్న మాటలకు షీటులో చోటే వద్దన్నారు. ఇప్పుడు లేదు. రీనల్ పెల్విస్ (కిడ్నీలో మూత్రం చేరే గరాటు లాంటి భాగం) ముందు వెనకల వెడల్పు, అంటే ఏపీ డయామీటర్, మిల్లీమీటర్లలోనే రాయాలి. కొలిచేది అడ్డకోతలో, హైలమ్ (కిడ్నీ లోపలివైపు నొక్కు) దగ్గర, కిడ్నీ కండ అంచుల మధ్య. బయటికి ఉబ్బిన భాగాన్ని కలిపి కొలిస్తే అంకె పెరిగిపోతుంది. బ్లాడర్ నిండి ఉందా, ఖాళీగా ఉందా అన్న గడి కూడా మీ సూచనే. నిండుగా ఉన్నప్పుడు పెల్విస్ వెడల్పు ఎక్కువగా కనబడుతుంది కాబట్టి పాప మూత్రం పోశాక మళ్లీ కొలవాలి. బోర్లా పడుకోబెట్టి తీశారా, వెల్లకిలా తీశారా అన్నది కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

పుట్టిన మొదటి 48 గంటల్లో పిల్లలకు మూత్రం తక్కువగా తయారవుతుంది. అప్పుడు తీసిన స్కాన్‌లో వాపు ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది, ఒక్కోసారి అసలు కనబడదు. అది చూసి పర్వాలేదనుకుని ఫాలోఅప్ మానేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. అందుకని స్కాన్ తేదీతోపాటు పుట్టి ఎన్ని గంటలైందో కూడా రాయమన్నారు, చేర్చాం. అయితే రెండు కిడ్నీలూ బాగా వాచినా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా, ఉమ్మనీరు బాగా తగ్గినా, మగబిడ్డకు బ్లాడర్ గోడ మందంగా కనిపించినా 48 గంటలు ఆగకూడదు.

పుట్టాక పెల్విస్ వెడల్పు 10 మి.మీ. లోపు ఉండి క్యాలిసెస్ (పెల్విస్‌లోకి మూత్రాన్ని చేర్చే చిన్న గిన్నెలు) వాచకపోతే భయం చాలా తక్కువ. 15 మి.మీ. దాటినా, అంచు క్యాలిసెస్ దాకా వాపు పాకినా జాగ్రత్త పడాలి. కిడ్నీ కండ పలచబడితే అది అన్నిటికంటే గట్టి హెచ్చరిక. ఎస్ఎఫ్‌యూ (వాపు తీవ్రతను చెప్పే కొలబద్ద) గ్రేడ్ 3కీ 4కీ తేడా అక్కడే ఉంది. ఒకే చిత్రాన్ని ఒకరు గ్రేడ్ 2 అంటారు, ఇంకొకరు 3 అంటారు. మిల్లీమీటర్లైతే కనీసం స్కేలు పెట్టి వాదించుకోవచ్చు.

రెనోగ్రామ్ (రేడియో మందు ఎక్కించి కిడ్నీ పనిని, మూత్రం దిగే తీరును చూసే స్కాన్) టెక్నాలజిస్టులకు మేము ఎక్కువ రుణపడి ఉన్నాం. షీటులో సగం గడులు మీవే. పసికిడ్నీ పని అందుకోవడానికి కొంత వ్యవధి కావాలి కనుక 4 నుంచి 6 వారాల వయసు వచ్చేదాకా ఆగడం మేలు. రేడియో మందు మ్యాగ్-3 గానీ ఈసీ గానీ అయితే ఈ వయసులో చిత్రం డీటీపీఏ అన్న మందు కంటే స్పష్టంగా వస్తుంది. ఏది వాడారో రాయాలి, తర్వాతిసారీ అదే వాడాలి. ఇంజెక్షన్‌కు 15 నిమిషాల ముందు సెలైన్ మొదలుపెట్టి 30 నిమిషాల్లో కిలోకు 15 మి.లీ., ఆ తర్వాత పరీక్ష ముగిసేదాకా గంటకు కిలోకు 4 మి.లీ. ఏడాది లోపు పిల్లలకు ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు) కిలోకు 1 మి.గ్రా. అది రేడియో మందుకు 15 నిమిషాల ముందు ఇచ్చారా, దానితోపాటే ఇచ్చారా, 20 నిమిషాల తర్వాతా అన్నది తప్పనిసరి గడి. ఒకసారి ఒక పద్ధతిలో, మరోసారి ఇంకో పద్ధతిలో తీసిన గ్రాఫులను పోల్చకూడదు.

నీళ్లు చాలని పాపకు మూత్రం మెల్లగా దిగుతుంది, గ్రాఫ్ అడ్డంకిలా కనబడుతుంది. బ్లాడర్ నిండి ఉన్నా అంతే. అందుకే చివర్లో పాపను కాసేపు నిటారుగా ఎత్తుకుని, మూత్రం పోశాక ఇంకో చిత్రం తీయాలన్నారు. ఆ ఒక్క చిత్రంతో అడ్డంకి అనుకున్నది కాదని తేలిపోయే సందర్భాలు ఉంటాయి. సూది దగ్గర మందు చర్మం కిందికి కారిందేమో చూడటానికి ఇంజెక్షన్ వేసిన చోటును కూడా ఒక చిత్రం తీయాలి.

టీ-హాఫ్ గురించి మీరు రాసింది యథాతథంగా షీటు వెనక అచ్చు వేశాం. మందులో సగం దిగిపోవడానికి 10 నిమిషాల లోపు పడితే అడ్డంకి లేనట్టే, 20 దాటితే అనుమానం, మధ్యలో ఉంటే తేలనట్టు. కానీ 20 దాటినంత మాత్రాన ఆపరేషన్ కాదు. పెద్ద తొట్టి ఖాళీ కావడానికి తూము బాగున్నా సమయం పడుతుంది, బాగా సాగిన పెల్విస్ సంగతీ అంతే. ఇక కిడ్నీ పనే మందగించి ఉంటే ఫ్యూరోసెమైడ్‌కు అది స్పందించదు, గ్రాఫ్ బల్లపరుపుగా ఉండిపోతుంది. అక్కడ టీ-హాఫ్ అంకెకు విలువ లేదు. పెల్విస్‌లోకి దిగడం కంటే ముందు, కండలోంచి మందు కదలడమే ఆలస్యమవుతోందా అన్నది చూడాలి. పని పడిపోబోయే కిడ్నీని ముందే పట్టించడంలో టీ-హాఫ్ కంటే అది నమ్మదగ్గ గుర్తు అని మా అభిప్రాయం.

స్ప్లిట్ ఫంక్షన్ (మొత్తం పనిలో ఒక్కో కిడ్నీ వాటా, శాతంలో) గడి పక్కన మూడు హెచ్చరికలు చేరాయి. ఒకటి, 5 శాతం వరకు తేడా పరీక్షలోనే వస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. 40 కంటే తక్కువున్నా, వరుస పరీక్షల్లో 10కి మించి పడిపోయినా మాత్రం ఆపరేషన్ మాట ఎత్తాలి. రెండు, వాచిన కిడ్నీ 55 దాటి పనిచేస్తున్నట్టు వస్తే సంతోషించకుండా బ్యాక్‌గ్రౌండ్ గీత (కిడ్నీ చుట్టూ ఉన్న మందు లెక్కను తీసేయడానికి గీసేది) ఎక్కడ గీశారో చూడాలి. మూడు, రెండు కిడ్నీలకూ అడ్డంకి ఉంటే 50-50 అన్న ఫలితానికి అర్థం లేదు. రెండూ సమానంగా దెబ్బతిన్నా అదే అంకె వస్తుంది.

ల్యాబ్ వారికి. మూత్రంలోని ప్రోటీన్ ముక్కల సరళిని బట్టి ఏ పాపకు ఆపరేషన్ అవసరమవుతుందో నెలల ముందే 94 శాతం కచ్చితత్వంతో చెప్పవచ్చని 2006లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూసి చాలామంది తల్లిదండ్రులు ఆ టెస్టు ఎక్కడ చేస్తారని అడుగుతుంటారు. రోజువారీ వైద్యంలోకి అది ఇంకా రాలేదు. ఎన్‌గాల్, ఎంసీపీ-1, ఈజీఎఫ్ లాంటి మార్కర్ల (కిడ్నీ స్థితిని తెలిపే మూత్రంలోని ప్రోటీన్ల) చిక్కును మీరు ఒక్క ముక్కలో తేల్చారు: సంచిలో పట్టేది రెండు కిడ్నీల మూత్రం కలిసినది, బాగున్న కిడ్నీ రెండోదాని సంకేతాన్ని పలచన చేస్తుంది. అడ్డంకి గట్టిదైతే ఆ వైపు మూత్రం సంచికి చేరేదే తక్కువ. పరిశోధన కోసం నమూనా ఇచ్చేవారికి: చర్మం కడిగి ఆరబెట్టాకే సంచి అంటించాలి, మూత్రం పడగానే తీయాలి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటను చిన్న ట్యూబుల్లో మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి, మాటిమాటికీ కరిగించకూడదు. కల్చర్‌కు (ఇన్‌ఫెక్షన్ క్రిములను పెంచి చూసే పరీక్షకు) మాత్రం సంచి మూత్రం పనికిరాదు.

పసిపిల్లల వార్డు సిస్టర్లు యూరెత్రల్ వాల్వులు (మూత్రం బయటికొచ్చే దారిలో పుట్టుకతో ఉండే అడ్డుపొరలు) ఉన్న పిల్లలకు వేరే పేజీ ఉండాలన్నారు. నిజమే. అక్కడ వాల్వు తీయాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, కిడ్నీ ఎంతవరకు నిలుస్తుందన్నదే ప్రశ్న. మొదటి రెండు మూడు రోజుల క్రియాటినిన్ (కిడ్నీ పనిని చూపే రక్తపరీక్ష అంకె) తల్లిది. ఏడాది లోపు అది దిగిన అతి తక్కువ అంకెను గుర్తు పెట్టుకోవాలి: డెసిలీటరుకు 0.8 మి.గ్రా. లోపు దిగితే ఊరట, 1 దాటి ఉండిపోతే మున్ముందు కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. బెలూన్ ఉన్న క్యాథెటర్ బ్లాడర్‌ను ముడుచుకుపోయేలా చేస్తుంది కనుక 5 లేదా 6 ఫ్రెంచ్ సైజు ఫీడింగ్ ట్యూబే వేయాలన్నది, ట్యూబ్ వేశాక ఒక్కసారిగా మూత్రం వరదలా వస్తుంది కాబట్టి గంట గంటకూ కొలవాలన్నది, డైపర్ తూచితే గ్రాముకు ఒక మి.లీ. లెక్క వేసుకోవచ్చన్నది, అన్నీ మీరు చెప్పినవే.

గణాంకాలు చూసిపెట్టిన మిత్రుడి ప్రశ్న మాత్రం మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టింది. ఆపరేషన్ జరిగింది అన్నది జబ్బు ఫలితం కాదు, సర్జన్ నిర్ణయం. సర్జన్ ఏపీ డయామీటర్ చూసి నిర్ణయిస్తే, ఏపీ డయామీటర్ ఆపరేషన్‌ను బ్రహ్మాండంగా ఊహిస్తుంది! అల్ట్రాసౌండ్ చిత్రాలు చూసి ఆపరేషన్ ఊహించే కంప్యూటర్ నమూనాలదీ ఇదే ఇబ్బంది. కాబట్టి ఆపరేషన్ గడి పక్కన కారణం గడి తప్పనిసరి చేశాం: పని పడిపోయిందా, కండ పలచబడుతూ వాపు పెరిగిందా, జ్వరంతో కూడిన ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వచ్చాయా, నొప్పా, తల్లిదండ్రుల నిర్ణయమా. ఒకటికి మించి ఉంటే అన్నీ రాయాలి.

తల్లులకు, తండ్రులకు. ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి రావాలో ముందు పేజీలోనే, పెద్ద అక్షరాల్లో ఉండాలన్నారు. ఉంది: 38 డిగ్రీలు దాటిన జ్వరం, పాలు తాగకపోవడం, వాంతులు, పొట్టలో గడ్డలా తగలడం, మగబిడ్డకు మూత్రం ధారగా కాక చుక్కలుగా పడటం. పైలోప్లాస్టీ (పెల్విస్ దగ్గరి అడ్డంకిని తీసేసే ఆపరేషన్) అయ్యాక స్కాన్‌లో ఇంకా వాపు ఉందని బెంబేలెత్తే వారికోసం ఒక వాక్యం కావాలన్నదీ మీలో ఒకరే. చివరి పేజీలో చేర్చాం: సాగిన పెల్విస్ నెలల తరబడి పూర్తిగా ముడుచుకోకపోవచ్చు, ఆపరేషన్ ముందున్న అంకె కంటే తగ్గుతోందా, కండ మందం నిలిచిందా అన్నవే చూడాలి, మొదటి పోలిక డీజే స్టెంట్ (ఆపరేషన్‌లో లోపల పెట్టిన సన్నని గొట్టం) తీసేశాక చేసిన స్కాన్‌తోనే మొదలుపెట్టాలి.