రాగి రంగు షీట్ల లోపల ఏముందో రాయించాలి

సంపాదకులకు,

నల్లగొండలో దేవరకొండ రోడ్డు, హైదరాబాద్ రోడ్డు వైపు లేస్తున్న కొత్త ఇళ్ల ముందుభాగానికి రాగి వన్నె తొడుగులు వేయించడం ఈమధ్య మోజుగా మారింది. లోహపు తొడుగు మనకు కొత్తేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో ప్రారంభమైన యాదగిరిగుట్ట విమాన గోపురంపైనా బంగారు పూత కింద ఉన్నవి రాగి రేకులే. అయితే 'కాపర్ ఎలివేషన్' పేరుతో మన వీధుల్లో బిగిస్తున్నవి, నేను చూసినంతలో, రాగి రంగు వేసిన ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు మాత్రమే.

దుకాణంలో నమూనా ముక్కను అంచు వైపు తిప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది. రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య మందపాటి ప్లాస్టిక్ కనిపిస్తుంది. చౌక రకాల్లో అది పాలిథిలిన్, అంటే నిప్పంటుకుంటే కరిగి కారుతూ మండే పదార్థం. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న మంటలు అంత వేగంగా పైకి పాకడానికి ప్రధాన కారణం ఇటువంటి షీట్లేనని అక్కడి విచారణలో తేలింది. రెండంతస్తుల ఇంటికి అంత ముప్పు ఉండదనేవారు, ఆ షీట్ల వెనుక నుంచే ఏసీ తీగలూ బోర్డు లైట్ల తీగలూ లాగుతున్న తీరును ఒకసారి గమనించాలి.

అసలు రాగి 1085 డిగ్రీల దాకా కరగదు, గోడపై రేకుగా ఉన్నప్పుడు మంటను పెంచదు. కానీ 0.7 మిల్లీమీటర్ల రేకే చదరపు మీటరుకు 6 కిలోలకు పైగా తూగుతుంది కనుక ఖర్చు ఎంతో ఎవరికి వారే లెక్కవేసుకోవచ్చు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే జిల్లాలో చేతికందే ఎత్తున రాగి రేకు వేయించడం ఏపాటి తెలివో కూడా ఆలోచించుకోవాలి. పైగా మన ఫాబ్రికేటర్లు అలవాటుగా వాడే ఇనుప పైపుల ఫ్రేముపై దాన్ని నేరుగా బిగిస్తే, తడి తగిలిన చోటల్లా ముందు ఇనుమే తినేయబడుతుంది. రాగి రేకులు తొడిగిన 1886 నాటి న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ లోపలి ఇనుప పట్టీలను 1980లలో మార్చాల్సి వచ్చింది ఇందుకే.

భవన నిర్మాణ అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ విధానంలో 500 చదరపు మీటర్లలోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తులోపు కట్టే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వచ్చే వెసులుబాటు కల్పించారు. ఆ ధ్రువీకరణలోనే ముందుభాగపు షీటు రకం, దాని లోపలి పదార్థం రాయించే గడి చేర్చాలనీ, అమ్మకందారులు బిల్లుపై 'కాపర్' అని కాక అసలు పదార్థం పేరే రాసేలా చూడాలనీ పురపాలక శాఖ అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నల్లగొండ