మీ వాడి మరపు గురించి

రఘూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంటిల్లిపాది పుట్టినరోజులూ ఏ ఏడు ఏ వారం వచ్చాయో తడుముకోకుండా చెప్పే పిల్లవాడు, ఇవాళ బడిలో ఏం చేశావంటే గోడకేసి చూస్తాడు, కావాలనే మొండికేస్తున్నాడా అని అడిగావు. కాదురా. అదే అనుమానంతో మా అమ్మాయిని రెండేళ్లు సతాయించినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడడం పుట్టుకనుంచే వేరుగా ఉండే తీరు) గురించి రాసినప్పుడే, తాను చూసిన 11 మంది పిల్లల్లో బట్టీ జ్ఞాపకం ఎంత గొప్పగా ఉందో గమనించాడు. తేదీలు అప్పజెప్పడం వేరు, తాను గడిపిన పూటను కథగా చెప్పడం వేరు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి? అవన్నీ తనే ఏరుకోవాలి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు ఆ ఏరుకోవడం దగ్గరే ఆగిపోతారు.

ఒక సాయంత్రం మా అమ్మాయి సంచి పట్టీ మీద నీలం మరక కనిపించింది. బడి మాట ఎత్తకుండా "ఇదెక్కడిది?" అన్నాను. మరకను వేలితో గీకుతూ కాసేపు ఊరుకుంది. "చేప" అంది. ఆ తర్వాత చేప తోక, పక్కపిల్ల ఒలకబోసిన నీళ్లు, తడిసిన కాగితాన్ని టీచరు కిటికీలో ఆరబెట్టడం, అన్నీ వచ్చాయి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు! ఆధారం చేతికిస్తే వీళ్లకు బాగా గుర్తొస్తుందని పరిశోధకులు ఎప్పుడో చెప్పారట. నాకు ఒక రంగు మరక చెప్పాల్సి వచ్చింది.

ఇక చెప్పిన పని సగంలో వదిలేస్తాడన్నావే, అది ఇంకో సంగతి. పని జరుగుతున్నంతసేపు విషయాన్ని మనసులో పట్టి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. పెద్దవాళ్లకే అందులో ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి నిలవవు. పిల్లలకు ఇంకా తక్కువ, చదువులో ఇబ్బంది ఉన్న పిల్లల్లో చాలామందికి మరీ ఇరుకు. "సంచి పెట్టు, చేతులు కడుక్కో, పుస్తకం తెచ్చుకో" అని ఒక్క గుక్కలో అంటే, వాడు సంచి పట్టుకుని గది మధ్యలో నిలబడిపోతాడు. కూడికలో చేతిలో ఒకటి ఉంచుకోమంటే ఆ ఒకటి జారిపోతుంది. అక్షరాలు కూడబలుక్కుని వాక్యం చివరికి చేరేసరికి మొదలు ఆవిరైపోతుంది. దానికి మనం పెట్టిన పేరు అశ్రద్ధ!

ఒక్కో మాటే చెప్పు. లేదా మూడు బొమ్మలు గీసి గోడకు అంటించు. అయితే నన్ను గుడ్డిగా అనుసరించకు. డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు సమస్య ఉన్న పిల్లలకు సాధారణంగా విన్నదానికంటే చూసింది బాగా నిలుస్తుంది. విలియమ్స్ సిండ్రోమ్ అనే మరో జన్యు సమస్యలో ఇది దాదాపు తిరగబడుతుంది. మీ వాడికి ఏది అచ్చొస్తుందో నువ్వే కనిపెట్టాలి.

జ్ఞాపకశక్తి పెంచే కంప్యూటర్ ఆటలు మాత్రం కొనకు. నేను కొన్నాను. మా అమ్మాయి ఆ ఆటలో ఆరితేరింది, లెక్కల్లో ఎక్కడిది అక్కడే. పరిశోధనల్లోనూ ఎక్కువగా అదే తేలిందని తర్వాత తెలిసి తల పట్టుకున్నాను.

అన్నట్టు, నేను ఏ వారం పుట్టానో నాకు తెలియదు. తేదీ నీకు తెలుసుగా, మీ వాణ్ణి అడిగి రాయి.

నీ
శ్రీను